ఉస్తాదు జీతం ఎవరిస్తారు?



మన పిల్లలకు కంప్యూటరు తరగతులు పెట్టాలనే మాట కొన్నేళ్లుగా ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ వస్తున్నది. వచ్చినప్పుడల్లా "ఒక కంప్యూటరు నేనిస్తాను" అని లేచే దాతలు ఇద్దరు ముగ్గురు ఉంటున్నారు. గల్ఫులో ఉన్న మన కుర్రవాళ్లు కూడా తలా కొంత వేసుకుని యంత్రాలు కొని ఇస్తామంటున్నారు. చాలా సంతోషం. కాని "చెప్పే మాస్టారుకి నెలనెలా జీతం నేను చూసుకుంటాను" అని లేచినవారు ఇంతవరకు లేరు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. యంత్రం కంటికి కనపడుతుంది. దానిమీద దాత పేరు వ్రాయించవచ్చు. జీతం అలా కాదు. ఒకటో తారీఖున ఇస్తాము, ముప్పయ్యో తారీఖుకి అయిపోతుంది, మళ్లీ ఇవ్వాలి.

అయితే బడి అనేది ఎప్పుడు నిలబడింది, ఎప్పుడు పడిపోయింది అని చరిత్ర పుటలు తిరగవేస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఉపాధ్యాయుని బతుకుతెరువు గురించి ముందుగా ఆలోచించిన చోట బడి నిలిచింది. గోడలు, సామాను గురించి మాత్రమే ఆలోచించిన చోట గోడలు, సామాను మిగిలాయి. ఈ వ్యాసంలో ఆ చరిత్రను బాగ్దాదు నుంచి మన గోదావరి గట్టు వరకు, అక్కడినుంచి నేటి కంప్యూటరు గది వరకు క్లుప్తంగా మనవి చేస్తాను. ఆ మీద మన సంఘం ఏం చేయవచ్చునో నాకు తోచినది వ్రాస్తాను.

వక్ఫు రాబడితో నడిచిన మదర్సాలు

సెల్జూకు సుల్తానుల వజీరు నిజాముల్ ముల్క్ బాగ్దాదులో కట్టించిన నిజామియా మదర్సా 1067లో ప్రారంభమైంది. కట్టడం గొప్పదే. కాని దాని వెనుక ఆయన చేసిన ఏర్పాటు అంతకంటె గొప్పది. భూములు, బజారులోని దుకాణాలు మదర్సా పేర వక్ఫు చేసి, ఆ రాబడినుంచి ఉస్తాదులకు జీతాలు, విద్యార్థులకు భత్యాలు ముట్టేటట్టు చూశాడు. 1091లో ఇమాము గజాలీగారంతటి పండితుడు ఆ మదర్సాలో బోధించడానికి వచ్చారు. ఆయన జ్ఞానం దైవదత్తం, సరే. కాని జ్ఞానం ఉన్నవాడిని ఒకచోట కూర్చోబెట్టి, సంసారం గురించి బెంగపడకుండా పాఠం చెప్పమనాలంటే ఎవరో ఒకరు ముందుగా ఏర్పాటు చేయాలి గదా!

వక్ఫులోని కీలకం అందరికీ తెలిసినదే. అసలు కదలదు, ఫలం మాత్రమే ఖర్చవుతుంది. చెట్టు కొట్టకుండా కాయ కోసుకోవడం లాంటిది. దాత కన్నుమూసినా, ఆయన కొడుక్కి ఇష్టం లేకపోయినా, రాజ్యం మారినా ఉస్తాదు జీతం రావాలన్నదే అందులోని ఉద్దేశం.

మన దక్కనులో ఇందుకు బీదరులోని మహమూద్ గవాను మదర్సా ఉదాహరణ. బహమనీ వజీరు మహమూద్ గవాను దానిని 1472లో కట్టించాడు. అదే సుమారు కాలంలో బహమనీల అధికారం రాజమహేంద్రవరం దాకా వచ్చింది. మదర్సాలో ఉస్తాదులకు నివాసాలు, విద్యార్థులకు గదులు, వేలకొలది పుస్తకాల భాండాగారం ఉండేవి. దూరదేశాల పండితులను రప్పించి అక్కడ ఉంచారు. ఉంచడమంటే వసతి, జీతం చూపించి ఉంచడమే. 1481లో గవానును అబద్ధపు నేరంమీద చంపించారు. పదిహేడో శతాబ్దం చివర మందుగుండు పేలి కట్టడంలో పెద్దభాగం కూలిపోయింది. ఈనాడు చూడబోయేవారు మిగిలిన ఒక మినారు, రంగుల పెంకుల గోడ చూసి ఆశ్చర్యపడతారు. అక్కడ ఎవరు ఏం చెప్పేవారో అడిగేవారు తక్కువ.

మన్రో దొర లెక్క

ఇక మన జిల్లా సంగతికి వద్దాం. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరికీ ఉత్తరువు వేసి, రాజధానిలో ఎన్ని బడులున్నాయి, ఎందరు పిల్లలున్నారు, పంతుళ్లకు ఎవరిస్తున్నారు అని లెక్క తీయించాడు. మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. అప్పటి రాజమండ్రి జిల్లా, అంటే మన కోనసీమ ఉన్న జిల్లా, ఒక విషయంలో మిగతావాటికంటె ముందున్నది. వేదశాస్త్రాలు మొదలైన పై చదువులు చెప్పే చోట్లు ఈ ఒక్క జిల్లాలోనే 279 ఉన్నట్టు, వాటిలో 1,454 మంది చదువుతున్నట్టు కలెక్టరు వ్రాశాడు. చెప్పేవారిలో కొందరికి పూర్వపు జమీందారులిచ్చిన మాన్యాలు, కొందరికి నగదు వర్షాశనాలు ఉండేవి. అవి లేనివారూ చాలామంది ఉచితంగా చెప్పేవారు. మాన్యమన్నా వక్ఫన్నా పేరులో తేడాయేగాని, చదువు చెప్పేవాడిని ఊళ్లో నిలబెట్టడానికి పెద్దలు కనిపెట్టిన మార్గం ఒకటే.

ఈ లెక్కలన్నీ చూసి మన్రో 1826లో ఒక నివేదిక వ్రాశాడు. అందులో ఒక మాట ఉపాధ్యాయుడైన ప్రతివాడూ గుర్తుంచుకోదగినది. మామూలు బడిపంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదు, తగిన అర్హత ఉన్న మనిషి ఈ వృత్తిలోకి రావడానికి అది చాలదు అని ఆయన భావం. చదువు దిగజారిందని పంతులును తిట్టే లోకంలో, అసలు కారణం పంతులు చేతికి వచ్చే డబ్బు అని రెండు వందల ఏళ్ల క్రిందటే ఒక గవర్నరు గ్రహించాడు.

ఆయన వేసిన పథకం కూడా గమనించదగినది. ప్రతి కలెక్టరేటుకు రెండు పెద్ద బడులు, ఒకటి హిందువులకు, ఒకటి ముస్లిములకు. ఆ పంతుళ్లకు నెలకు 15 రూపాయలు. తహశీలుకొక బడి, దాని పంతులుకు నెలకు 9 రూపాయలు. తొమ్మిది రూపాయలు తక్కువే అయినా ప్రభుత్వ జీతం ఖాయంగా ఉంటే పిల్లల తలిదండ్రులు కూడా మరికొంత ఇస్తారు, రెండూ కలిసి గౌరవంగా బతకవచ్చు అని ఆయన ఆలోచన. ఖాయంగా వచ్చే కొంత, ఊరు కలిపే మరికొంత. ఈ సూత్రం మళ్లీ మళ్లీ వస్తుంది, చూడండి. దురదృష్టవశాత్తు మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. తరువాత వచ్చినవారికి ఆ శ్రద్ధ లేదు. 1836లో ఆ బడులు ఎత్తివేశారు. తొమ్మిది రూపాయలు నమ్ముకుని వచ్చిన పంతుళ్లు మళ్లీ వీధిన పడ్డారు.

గోదావరి రైతుల బడి పన్ను

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నర్సాపురం. మనం ఎన్నోసార్లు వెళ్లి ఉంటాం. కాని విద్యాచరిత్రలో ఆ ఊరికి ఒక ప్రత్యేకస్థానం ఉన్నదని చాలామందికి తెలియదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో నీళ్లు పారి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైంది. ఆ రోజుల్లో సబ్‌కలెక్టరుగా ఉన్న జి. ఎన్. టైలర్ అనే ఆయన నర్సాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు పెట్టించాడు. వాటిని చూసి చుట్టుపక్కల పల్లెల రైతులు తమకూ బడులు కావాలన్నారు. ఖర్చు ఎవరిస్తారని ప్రశ్న వచ్చింది. భూమి సిస్తుతోపాటు బడికోసం కొంత చొప్పున మేమే చెల్లిస్తామని రైతులు ఒప్పుకున్నారు. ఆ సొమ్ముతో పల్లెటూళ్లలో పంతుళ్లను పెట్టారు. సర్కారు కాగితాల్లో వీటికి రేటు స్కూళ్లని పేరు. ఊరు తనమీద తానే పన్ను వేసుకుని పంతులును పోషించుకోవడం మద్రాసు రాజధాని మొత్తానికి కొత్త విషయం.

తరువాత చట్టం లేకుండా వసూళ్లు ఎలా జరుగుతాయని ప్రశ్న వచ్చింది. అందువల్ల 1863లో ఆరవ నంబరు విద్యాచట్టం చేశారు. ఊరివాళ్లు ఒప్పుకుంటే బడి నిమిత్తం పన్ను వేసుకోవచ్చునన్నది దాని సారాంశం. మన గోదావరి జిల్లా అనుభవమే ఆ చట్టానికి మూలం. కాని ఆ చట్టం మిగతా జిల్లాల్లో పెద్దగా పాకలేదు. 1871లో లోకల్ ఫండు చట్టం వచ్చి ఆ పద్ధతే మారిపోయింది. ఊరి పంతులుకోసం ఇచ్చే సొమ్ము ఇంకో పెద్ద ఖజానాలో కలిసిపోయింది.

దీనినుంచి మనం తెలుసుకోవలసినది రెండు ముక్కలు. మొదటిది, మన గోదావరి ప్రాంతపు సామాన్యరైతు పంతులు జీతానికి డబ్బిచ్చాడు. రాజులు, నవాబులు మాత్రమే చేయగల పని ఇది కాదు. రెండవది, తానిచ్చే డబ్బు ఫలానా పంతులుకు పోతున్నదని తెలిసినంతకాలం మనిషికి దానిమీద మమకారం ఉంటుంది. ఎక్కడికి పోతున్నదో తెలియకపోతే అది పన్ను అయిపోతుంది.

జీతపు గ్రాంటు, పిఠాపురం రాజావారు

1854 నాటి వుడ్ విద్యాపత్రం ప్రకారం ప్రైవేటు బడులకు సర్కారు సాయం ఇవ్వడం మొదలైంది. రాజధానికొక పద్ధతి ఏర్పడింది. 1882లో హంటర్ కమిషన్ వీటిని పోల్చి చూసింది. బొంబాయిలో పిల్లలు పరీక్షలో ఎంతమంది తేలితే అంత గ్రాంటు. బెంగాలులో కొన్ని సంవత్సరాలకు ఇంత అని నిర్ణయించిన గ్రాంటు. మద్రాసులో జీతపు గ్రాంటు, అంటే అర్హత ఉన్న ఉపాధ్యాయుని జీతంలో కొంత వంతు సర్కారు, మిగతాది యాజమాన్యం. మద్రాసు పద్ధతిలో డబ్బు మనిషిని చూసి వస్తుంది. మంచి అర్హత ఉన్నవాడిని పెట్టుకుంటే ఎక్కువ సాయం వస్తుంది. తరువాత మన ఎయిడెడ్ బడులు, కాలేజీలు దశాబ్దాలపాటు నడిచింది ఈ మూలసూత్రం మీదే. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనకు అప్పగించమన్నప్పుడు యాజమాన్యాలు, తలిదండ్రులు ఎంత ఆందోళనపడ్డారో మనమంతా చూశాం. సంస్థకు ప్రాణం ఎక్కడున్నదో అప్పుడు అందరికీ తెలిసింది.

యాజమాన్యం వంతు ఎవరో ఒకరు ఇవ్వాలి గదా. మన పక్కనే కాకినాడలో ఆ వంతు మోసినవారు పిఠాపురం రాజావారు. 1884లో కాలేజీ అయిన పిఠాపురం రాజా కళాశాలకు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా వచ్చారు. అంతకుముందు ఆయన సికింద్రాబాదులో, నిజాము మహబూబ్ అలీఖాన్ పేర ఉన్న మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాలు. అంతటివాడిని కాకినాడ రప్పించి, 1919 వరకు అక్కడే ఉండేటట్టు చేసింది ఒక్క జీతమే కాదు. రాజా సూర్యారావు బహద్దరువారు ఆయన మాటకు విలువ ఇచ్చారు. ఆడపిల్లలను చేర్చుకోవాలంటే చేర్చుకున్నారు. హరిజన విద్యార్థులకు సాయం చేయాలంటే చేశారు. నాయుడుగారు తన సంపాదనలో చాలాభాగం పేద విద్యార్థులకే ఖర్చుపెట్టేవారు. 1925లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరయ్యారు. దాత డబ్బుతోపాటు మర్యాద కూడా ఇస్తే ఉపాధ్యాయుడు ఎక్కడికీ పోడు అనడానికి మన జిల్లాలో ఇంతకంటె మంచి సాక్ష్యం లేదు.

జామియా, దేవబంద్: రూపాయి రూపాయి పోగుచేసినవారు

రాజావారు లేని చోట ఏమిటి గతి? దానికి జవాబు ఢిల్లీలోని జామియా మిల్లియా చరిత్రలో ఉన్నది. 1920లో అలీగఢులో పుట్టి 1925లో ఢిల్లీకి మారిన ఈ జాతీయ విద్యాలయం సర్కారు గ్రాంటు వద్దనుకున్నది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడ్డాక చందాలు ఆగిపోయాయి. మూసివేస్తారనే పరిస్థితి వచ్చింది. మన హైదరాబాదులో 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్‌గారు జర్మనీలో చదువు ముగించుకుని వచ్చి 1926లో దాని బాధ్యత తలకెత్తుకున్నారు. కొద్దిమంది ఉపాధ్యాయులు కలిసి, ఇరవై ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా జామియాలోనే పనిచేస్తామని ప్రతిజ్ఞ పట్టారు. ఆ నూటయాభై కూడా చాలా నెలలు పూర్తిగా అందలేదు.

ఇక్కడ మనవాళ్లు ఉపాధ్యాయుల త్యాగాన్ని మెచ్చుకుని ఊరుకుంటారు. కాని రెండో పక్క కూడా చూడాలి. హమ్‌దర్దానె జామియా అనే పేరుతో షఫీఖుర్రహమాన్ కిద్వాయీగారు దేశమంతటా సానుభూతిపరులను చేర్చారు. నెలకు కొద్దిగా, ఎవరి శక్తి కొద్దీ వారు ఇచ్చేవారు. ఆ చిల్లర డబ్బే జామియాను నిలబెట్టింది. త్యాగం ఉపాధ్యాయునిది, చందా సమాజానిది. రెండూ కలిస్తేనే సంస్థ నిలిచింది. ఉపాధ్యాయుడొక్కడినే త్యాగం చేయమనడం న్యాయం కాదు.

1866లో మొదలైన దేవబంద్ దారుల్ ఉలూము దారి ఇంకొకటి. దాని స్థాపకులలో ఒకరైన మౌలానా ఖాసిం నానౌతవీగారు ఎనిమిది సూత్రాలు వ్రాసి పెట్టారు. జాగీరు, కార్ఖానా, లేదా ఎవరైనా ధనవంతుని వాగ్దానం వంటి ఖాయమైన రాబడి వస్తే అల్లా మీద ఆశ, భయం రెండూ తగ్గుతాయని, సామాన్యుల చందాలలోనే బరకతు ఉన్నదని అందులో ఆయన హెచ్చరించారు. వక్ఫు పద్ధతికి ఇది ఎదురుమాట లాగా కనిపిస్తుంది. నాకు తోచినంతలో రెంటిలోనూ నిజం ఉన్నది. ఒక్క ధనవంతుని మాటమీద జీతం ఆధారపడితే ఆయనకు కోపం వచ్చిన నాడు బడి మూతపడుతుంది. అందుచేత చందా పదిమందిదై ఉండాలి. అయితే ఆ పదిమంది చందా ప్రతినెలా వసూలు కావాలి.

కంప్యూటరు కాలం

1984లో కేంద్రప్రభుత్వం క్లాస్ అనే పేరుతో బడులకు కంప్యూటరు పథకం తెచ్చింది. మొదట 250 బడులు. ఇంగ్లండులో తయారైన బి.బి.సి. మైక్రో అనే యంత్రాలు పంపిణీ చేశారు. వేరే పాఠం చెప్పే మాస్టర్లకే కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి ఆ పని కూడా చూసుకోమన్నారు. యంత్రానికి పెట్టిన శ్రద్ధ మనిషికి పెట్టలేదు.

మన రాష్ట్రంలో 2002 ప్రాంతంలో సుమారు వెయ్యి ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు విద్యను ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. ఆ తరువాత 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు పెద్ద పథకం వచ్చింది. కంపెనీయే యంత్రాలు పెడుతుంది, కంపెనీయే బోధకులను పెడుతుంది, అయిదేళ్లు నడిపి బడికి అప్పగించి పోతుంది. మంచి ఆలోచన లాగానే ఉన్నది. కాని అయిదేళ్ల చివర బడికి అప్పగించింది యంత్రాలను. బోధకులను ఎవరికీ అప్పగించలేదు. డిగ్రీలు చదివిన యువతీయువకులు ప్రైవేటు బడి ఆయా జీతం లాంటి జీతానికి, అదీ నెలలకొద్దీ ఆలస్యంగా అందుకుంటూ, పిల్లలకు మొట్టమొదటిసారి కీబోర్డు మీద వేళ్లు పెట్టించారు. 2013లో గడువు తీరింది. వాళ్లు ధర్నాలు చేశారు, వినతిపత్రాలిచ్చారు, ఇళ్లకు పోయారు. చాలా బడుల్లో ఆ గదికి తాళం పడింది. జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారులాగా కంప్యూటరు మాస్టారుకి రెగ్యులరు పోస్టు అనేది నేటికీ లేదు.

దాతలు ఊరుకోలేదు. ప్రవాసంలో ఉన్న మనవారు సొంత ఊళ్ల బడుల్లో డిజిటల్ తరగతి గదులకు విరాళాలిచ్చారు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. గోడమీద పెద్ద తెరలు కూడా వచ్చాయి. అన్నీ వస్తువులే. కాదనడం లేదు. కాని తెర వెలిగించడం ఒకటి, పిల్లవాడి చేత ఒక చిన్న ప్రోగ్రాము వ్రాయించి, తప్పు ఎక్కడ వచ్చిందో వాడే వెతుక్కునేలా పక్కన కూర్చోవడం మరొకటి. ఆ రెండో పనికి మనిషి కావాలి.

మా ఉర్దూ మీడియం పిల్లల సంగతి ఇంకా ఒక మెట్టు కష్టం. కుడినుంచి ఎడమకు వ్రాసే లిపిని యంత్రంలో ఎలా వ్రాయాలో చూపించి, కొత్త మాటను ఇంటి భాషలో విడమరిచి చెప్పే కంప్యూటరు మాస్టారు మన మూడు తాలూకాల్లో, అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎక్కడ వెతికినా దొరకడం అరుదు. 1996లో ఏర్పడిన జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఈ అవసరం గుర్తించి, స్వచ్ఛంద సంఘాల ద్వారా ఒక సంవత్సరం కంప్యూటరు డిప్లొమా కేంద్రాలు నడిపించింది. బోధకుల పారితోషికం కూడా ఆ గ్రాంటులో భాగం. మనలాంటి సంఘాలకు అది మంచి అవకాశమే. కాని గ్రాంటు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మదర్సా ఆధునికీకరణ పథకం చూపించింది. 1993-94లో మొదలైన ఆ పథకం క్రింద లెక్కలు, సైన్సు మొదలైనవి చెప్పేవారికి తరువాత నెలకు 6,000 రూపాయలు, పి.జి., బి.ఎడ్. ఉన్నవారికి 12,000 రూపాయలు నిర్ణయించారు. ఉత్తరప్రదేశ్‌లో వేలాదిమందికి కేంద్రం వాటా ఏళ్ల తరబడి అందలేదు. 2022 మార్చితో పథకమే ముగిసిపోయింది. మన్రో బడులు 1836లో ఎలా ముగిశాయో ఇవీ అలాగే ముగిశాయి.

కంప్యూటరు మాస్టారును నిలుపుకోవడం లెక్కల మాస్టారును నిలుపుకోవడం కంటె కష్టం. కారణం స్పష్టమే. ఆయన నేర్చిన విద్యకు బయట ఎక్కువ ధర ఉన్నది. పని బాగా వచ్చిన మరునాడు హైదరాబాదు బస్సు ఎక్కుతాడు. పైగా ఈ విద్య ఏటేటా మారిపోతుంది. నేర్పేవాడు తాను కూడా నేర్చుకుంటూ ఉండాలి, దానికి ఖర్చు, తీరిక కావాలి.

ఈ కష్టం అమెరికావారికి కూడా ఉన్నది. న్యూయార్కు నగరంలో 2015లో అన్ని ప్రభుత్వ బడుల్లో కంప్యూటరు శాస్త్రం చెప్పించాలని పదేళ్ల పథకం వేశారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లలో సగం నగరపాలక సంస్థ, సగం ప్రైవేటు దాతలు. ఆ సొమ్ము ముఖ్యంగా సుమారు 5,000 మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి. అదే ఊళ్లో జిమ్ సైమన్స్ అనే గణితశాస్త్రజ్ఞుడు వ్యాపారంలో గడించిన ధనంతో 2004లో ఒక సంస్థ పెట్టాడు. ప్రభుత్వ బడిలోనే ఉండి లెక్కలు, సైన్సు చెప్పే మంచి ఉపాధ్యాయులకు జీతానికి తోడు ఏటా 15,000 డాలర్ల చొప్పున నాలుగేళ్లు ఇస్తారు. అంతేగాక వాళ్లు నెలనెలా కలుసుకుని ఒకరివద్ద ఒకరు నేర్చుకునే ఏర్పాటు కూడా ఉన్నది. ఖాయమైన జీతం ఒకచోటునుంచి, దానిమీద మరికొంత దాతలనుంచి. మన్రో తహశీలు బడికి వేసిన లెక్క కూడా ఇదే గదా!

మనం చేయవలసినది

ఇప్పుడు మన సంగతి. నెలకు 15,000 రూపాయల జీతం అనుకుందాం. ఏడాదికి 1,80,000 అవుతుంది. వినగానే గుండె గుభేలుమంటుంది. కాని 150 కుటుంబాలు నెలకు వంద రూపాయల చొప్పున వేసుకుంటే సరిగా అంతే మొత్తం. వంద రూపాయలు ఈనాడు ఒక మనిషి హోటల్లో భోజనం చేసినంత. ఇది దేవబంద్ దారి, జామియా దారి. నర్సాపురం వైపు రైతులు నూట డెబ్బయి ఏళ్ల క్రిందట చేసిన పని.

దీనికి తోడు మన కోనసీమకు తగిన వక్ఫు దారి ఒకటి ఉన్నది. బ్యాంకులో డిపాజిట్టు వేసి వడ్డీతో జీతమివ్వడం మనకు తగదు. కాని కొబ్బరి చెట్టు వడ్డీ కాదు. తోట ఉన్నవారు అయిదారు చెట్ల దింపు ఉస్తాదు జీతానికని చెప్పి సంఘానికి జమ చేయవచ్చు. రోడ్డుమీద దుకాణం ఉన్నవారు ఒక గది అద్దె వ్రాయవచ్చు. శాశ్వతంగా వక్ఫు చేయదలచినవారు ఉంటే నోటిమాటతో కుదరదు. 2025 సవరణ చట్టం తరువాత వక్ఫునామా దస్తావేజు తప్పనిసరి. వకీలు సలహా తీసుకుని చేయాలి.

జకాతు విషయం చాలామంది అడుగుతారు గనుక ఒక్కమాట. జకాతుకు హక్కుదారులు ఎవరో సూరా తౌబాలో ఎనిమిది వర్గాలుగా చెప్పబడి ఉన్నది. పనికి ప్రతిఫలమైన జీతం జకాతు సొమ్మునుంచి ఇవ్వరాదని హనఫీ ఉలమాల మాట. పేద విద్యార్థికి ఆ సొమ్ము అతని చేతికే ఇస్తే, దానితో అతడు ఫీజు కట్టుకోవచ్చు. ఉస్తాదు జీతానికి మాత్రం విడిగా అతియా, నఫిల్ సదఖా, వక్ఫు రాబడి వాడాలి. రెండు ఖాతాలు, రెండు రసీదు పుస్తకాలు పెట్టుకోవాలి. సందేహం ఉంటే మన పేషిమాంగారిని అడిగి తెలుసుకోవచ్చు.

డబ్బు సమకూరినంత మాత్రాన మనిషి నిలవడు. నాకు తోచిన నాలుగు మాటలు సభ్యులు ఆలోచించాలి. మొదటిది, కనీసం మూడేళ్లకు కాగితం వ్రాసి ఇవ్వాలి. వచ్చే ఏడు ఉంటుందో ఊడుతుందో తెలియని ఉద్యోగంలో ఎవరూ మనసు పెట్టరు. రెండవది, జీతం ఒకటో తారీఖున ఇవ్వాలి. చందా రాలేదని మాస్టారును ఇంటింటికి తిప్పించకూడదు. వసూలు సంఘం పని. మూడవది, ఏడాదికొకసారి కొత్త శిక్షణకు పంపి ఆ ఖర్చు మనమే భరించాలి. నాలుగవది, ఎక్కడినుంచో మనిషిని తెచ్చి నిలుపుకోవడంకంటె మన ఊళ్లోనే ఉన్నవారిని చూడాలి. కంప్యూటరు సబ్జెక్టుతో డిగ్రీ పూర్తిచేసి, ఇంటి పరిస్థితుల వల్ల హైదరాబాదు పోలేక ఇక్కడే ఉన్న మన ఆడపిల్లలు ఎంతమంది లేరు! వాళ్లలో ఇద్దరికి శిక్షణ ఇప్పించి, గౌరవమైన జీతం ఇస్తే మన ఆడపిల్లలను తరగతికి పంపడానికి తల్లులకూ ధైర్యం వస్తుంది.

పదో తరగతి తప్పి కువైటు వీసాకోసం ఎదురుచూసే పిల్లవాడు మన ప్రతి వీధిలో ఉన్నాడు. వాడికి యంత్రం చూపిస్తే సినిమా చూస్తాడు. పక్కన కూర్చుని నేర్పే ఉస్తాదు ఉంటే దారి చూసుకుంటాడు.

కాబట్టి పెద్దలకు నా విజ్ఞప్తి ఇంతే. రాబోయే సర్వసభ్య సమావేశంలో కంప్యూటర్ల జాబితాకంటె ముందు ఉస్తాదు జీతం ఖాతా తెరవండి. చందాదారుల పేర్లు, ఇచ్చిన మొత్తం, మాస్టారుకు చెల్లించిన తేదీ ప్రతినెలా జుమా రోజున నోటీసు బోర్డుమీద పెట్టండి. ఆ ఖాతాలో నా వంతు నెలకు వంద రూపాయలు మొదటి నెలనుంచే వ్రాసుకోండి. నూటయాభై పేర్లలో ఒకటి వచ్చింది, ఇంకా నూటనలభైతొమ్మిది కావాలి. అల్లా మన అందరికీ తౌఫీఖు ప్రసాదించుగాక. ఆమీన్.